అయిదు కుర్చీలు, యాభై పేర్లు: హిప్ హాప్‌లో ఎవరి ప్రభావం ఎక్కువో తేల్చుకునేదెలా

మా పిన్ని కొడుకు కాలేజీ ఫెస్ట్‌కి పోస్టర్ చేయాలన్నాడు. హిప్ హాప్ మీద అందరికన్నా ఎక్కువ ప్రభావం చూపిన అయిదుగురి ఫొటోలు, ఒక్కొక్కరి కింద రెండు లైన్లు, అంతే పని. వాడు రాసుకొచ్చిన పేర్లు ఇవి: ఎమినెమ్, టుపాక్, డ్రేక్, ట్రావిస్ స్కాట్, కెండ్రిక్ లమార్. కాగితం చూసి నవ్వబోయి ఆగాను. ఇరవై ఏళ్ల కిందట మా హాస్టల్ గది తలుపు వెనక నేను స్కెచ్ పెన్నుతో రాసిన లిస్టు గుర్తొచ్చింది. అందులో మొదటి పేరు ఎమినెమ్, రెండోది ఫిఫ్టీ సెంట్, మిగతా ఎనిమిది పేర్లూ వాళ్లిద్దరి పాటల్లో మధ్యలో వచ్చి పోయేవాళ్లవి. మనకి తెలిసిన వయసులో ఏది వినిపిస్తే అదే చరిత్ర అనుకుంటాం.

వాడితో కూర్చుని ఆ లిస్టు తిరగరాయడానికి రెండు రాత్రులు పట్టింది. ఎవరి పక్కన ఎవరిని పెట్టి చూశాం, ఎవరిని ఎందుకు తీశాం అన్నదే ఇక్కడ రాస్తున్నాను. మీ అయిదుగురు వేరే కావచ్చు. కానీ ఏ లెక్కన ఎంచుకుంటున్నారో మీకు స్పష్టంగా ఉండాలి.

మొదట ఒక చిక్కు విప్పుకోవాలి. ‘ఎవరు గొప్ప’, ‘ఎవరు పాపులర్’, ‘ఎవరి ప్రభావం ఎక్కువ’ అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వాట్సాప్ గ్రూపుల్లో గొడవలన్నీ ఈ మూడింటినీ ఒకే ప్రశ్న అనుకోవడం వల్లే వస్తాయి. ఒక్క ఉదాహరణ చాలు. 1990లో ఎంసీ హ్యామర్ అనే ర్యాపర్ ఆల్బమ్ ఒకటి అమెరికాలోనే కోటి దాటి అమ్ముడుపోయింది. ఆ వెడల్పాటి ప్యాంటు, ఆ స్టెప్పులు అప్పట్లో పిల్లలందరికీ వచ్చు. దానికి మూడేళ్ల ముందు, 1987లో, ఎరిక్ బీ అనే డీజే, రకీమ్ అనే ర్యాపర్ కలిసి ‘పెయిడ్ ఇన్ ఫుల్’ ఆల్బమ్ తెచ్చారు. దానికి ప్లాటినం సర్టిఫికెట్, అంటే పది లక్షల లెక్క, రావడానికి 1995 దాకా పట్టింది. ఇప్పుడు ర్యాప్ చేసేవాళ్లలో హ్యామర్‌లా చేసేవాళ్లు ఎక్కడున్నారు? రకీమ్ నేర్పింది వాడనివాళ్లు ఎక్కడున్నారు? అదీ తేడా.

మేం పెట్టుకున్న పరీక్ష చాలా మోటుది. పేరుని చరిత్రలోంచి తీసేసి చూడటం, అంతే. గోడలోంచి ఇటుక లాగినట్టు. కొన్ని లాగితే కాస్త సున్నం రాలుతుంది, కొన్ని లాగితే పైన కట్టిందంతా కూలుతుంది. ‘వాళ్లు లేకపోతే ఇంకొకరు చేసేవారుగా’ అని మా తమ్ముడు అడ్డం తగిలాడు. నిజమే, చేసేవారేమో. అందుకే రెండో ప్రశ్న కూడా పెట్టుకున్నాం: ఆ తర్వాత వచ్చినవాళ్లు పని చేసే పద్ధతిని మార్చారా, లేక అప్పటికే ఉన్న పద్ధతిలో బాగా చేశారా? బాగా చేసినవాళ్లు గొప్పవాళ్లు, వాళ్లకి వేరే లిస్టు ఉంది. ఈ లిస్టు పద్ధతి మార్చినవాళ్లది.

పద్ధతి అన్నాక అందులో మాట, మోత, మార్కెట్ మూడూ వస్తాయి. మాట అంటే ర్యాప్ రాసే, చెప్పే తీరు. మోత అంటే బీటు. మార్కెట్ అంటే ఈ సంగీతం ఎవరి దగ్గరికి, ఏ దారిన వెళ్లింది అన్నది. అయిదు కుర్చీలే ఉన్నప్పుడు అయిదూ మాటగాళ్లకే ఇచ్చేస్తే సగం కథ పోతుంది. మా తమ్ముడి మొదటి లిస్టులో జరిగింది అదే.

హెర్క్‌నా, ఫ్లాష్‌నా?

1973 ఆగస్టు 11. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్. అందులో కింద ఉన్న కమ్యూనిటీ హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. స్కూళ్లు తెరిచే ముందు కొత్త బట్టలకి డబ్బులు కావాలి, అదీ కారణం. టికెట్ ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు. పాటలు వేసింది వాళ్లన్న క్లైవ్, జమైకా నుంచి వచ్చిన కుర్రాడు, అందరూ కూల్ హెర్క్ అనేవారు. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ ఒక్కటే మోగే చోట జనం ఎగిరి గంతేస్తున్నారని హెర్క్ గమనించాడు. కానీ ఆ ముక్క కొన్ని క్షణాల్లో అయిపోతుంది. దాన్ని సాగదీయడానికి అదే రికార్డు రెండు కాపీలు తెచ్చి రెండు ప్లేయర్ల మీద పెట్టాడు. ఇక్కడ ముక్క అయిపోగానే అక్కడ మొదలు, అక్కడ అయిపోయేలోపు ఇక్కడ ముల్లు మళ్లీ వెనక్కి. పది సెకన్ల ముక్క పది నిమిషాలు ఆడింది. దానికి గంతులేసినవాళ్లే బ్రేక్ డాన్సర్లు.

ఇంకో డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్‌ది వేరే కథ. హెర్క్ చేతులు కాస్త మొరటు. ముల్లు ఎక్కడ పడుతుందో అటూ ఇటూ అయ్యేది, బీటు తెగేది. ఎలక్ట్రానిక్స్ చదువుకున్న ఫ్లాష్‌కి అది కంట్లో నలుసులా ఉండేది. రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, గడియారం ముల్లులా ఆ గీత ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, సరిగ్గా ఆ చోటికే వెనక్కి తిప్పేవాడు. రికార్డుని వేళ్లతో ముట్టుకోవడం అప్పటిదాకా మహాపాపం. మనిళ్లల్లో కూడా గ్రామఫోన్ రికార్డుని అంచులు పట్టుకునే తీసేవాళ్లు, గుర్తుందా? ఫ్లాష్ నేరుగా అరచెయ్యి పెట్టాడు. ఆ రోజు నుంచి రికార్డు ప్లేయర్ వాయిద్యం అయింది. వాళ్ల గ్రూపు 2007లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లింది, హిప్ హాప్ నుంచి మొదటిది.

ఒక్క కుర్చీయే ఉంటే ఎవరికి? నైపుణ్యం చూస్తే ఫ్లాష్‌కే. ఇటుక పరీక్ష పెడితే హెర్క్‌కి. ఫ్లాష్ మెరుగుపరచడానికి అసలంటూ ఒక ఆలోచన ఉండాలి కదా, అది ఆ హాల్లోంచి వచ్చింది. హెర్క్ పేరు మీద చెప్పుకోదగ్గ హిట్ పాట ఒక్కటి కూడా లేదు. పోస్టర్ మీద ఆయన ఫొటో చూసి ‘ఎవరీయన’ అని అడుగుతారు. అడగనివ్వండి.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది, జాగ్రత్త. 1982లో వచ్చిన ‘ది మెసేజ్’ పాటని ఫ్లాష్ ఖాతాలో వేస్తారు. లేబుల్ మీద ఆయన పేరున్న మాట నిజమే. కానీ అందులో వినిపించే గొంతులు మెల్లీ మెల్, డ్యూక్ బూటీలవి. పార్టీ పాటల మధ్య పేటలో బతుకు ఎలా ఉందో చెప్పిన పాట అది. అలాగే 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ పాడిన ‘రాపర్స్ డిలైట్’. ర్యాప్‌ని పార్టీల్లోంచి రేడియోలోకి తెచ్చింది ఆ పాటే. కానీ ఆ గ్రూపుని కూర్చింది సిల్వియా రాబిన్సన్ అనే నిర్మాత, అందులో ఒకతను చెప్పిన పంక్తులు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే వేరే ర్యాపర్ పుస్తకంలోవి. పాట ప్రభావం వేరు, మనిషి ప్రభావం వేరు. పాటల లిస్టు అయితే ఈ రెండూ ఉండాల్సిందే. మనుషుల లిస్టులో వీళ్లని నేను పెట్టను.

రన్ డీఎంసీ గురించి పెద్ద చర్చ అక్కర్లేదు

మార్కెట్ కుర్చీకి 80ల్లో ముగ్గురు పోటీ: రన్ డీఎంసీ, ఎల్ఎల్ కూల్ జే, బీస్టీ బాయ్స్. బిల్‌బోర్డ్ అనే అమెరికా ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లిన తొలి ర్యాప్ ఆల్బమ్ బీస్టీ బాయ్స్‌ది, అది ఒప్పుకోవాలి. కానీ ఆ తలుపు అప్పటికే తెరిచి ఉంది. 1983లో రన్ డీఎంసీ రికార్డులు వినండి. డ్రమ్ మెషిన్, ఇద్దరి గొంతులు, కాస్త స్క్రాచింగ్. గిటార్ లేదు, బాకాలు లేవు, డిస్కో తళుకులూ లేవు. అంతకుముందు ర్యాపర్లు మెరుపుల చొక్కాలు వేసుకుని స్టేజీ ఎక్కేవారు. వీళ్లు న్యూయార్క్‌లోని క్వీన్స్ వీధుల్లో ఎలా తిరుగుతారో అలాగే వచ్చారు, నల్ల టోపీ, లేసుల్లేని అడిడాస్ బూట్లు. 1986లో ఏరోస్మిత్ అనే రాక్ బ్యాండ్‌తో కలిసి ‘వాక్ దిస్ వే’ చేస్తే అది అమెరికా చార్టులో నాలుగో స్థానానికి వెళ్లింది. అదే ఏడాది మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ‘మీ అడిడాస్ పైకెత్తండి’ అంటే వేల బూట్లు గాల్లోకి లేచాయి. ఆ కంపెనీ మనిషి ఒకాయన ఆ జనంలోనే ఉన్నాడు. తర్వాత జరిగింది హిప్ హాప్‌కి తొలి పెద్ద బ్రాండ్ ఒప్పందం. ఇవాళ ర్యాపర్ చెప్పుల నుంచి సెంటు దాకా అన్నీ అమ్ముతున్నాడంటే ఆ రాత్రి పుణ్యమే. కుర్చీ వీళ్లదే.

రకీమ్: మాటల కుర్చీ

ఇక్కడ కాస్త ఆగాలి. రకీమ్ చేసిందేమిటో చెప్పడానికి ఇంగ్లిష్ కన్నా తెలుగే సులువు, మనకి ప్రాస అంటే ఏమిటో చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి. రకీమ్‌కి ముందు చాలామంది ర్యాప్ ఇలా ఉండేది. నేనే కట్టిన రెండు లైన్లు చూడండి:

రాత్రంతా మేలుకుని పాట రాసుకున్నా
పొద్దున్నే బస్సెక్కి ఊరు చేరుకున్నా

లైను చివర ప్రాస, అక్కడితో ఊపిరి, మళ్లీ కొత్త లైను. వినడానికి బాగుంటుంది, కానీ తర్వాత ఎక్కడ మోగుతుందో ముందే తెలిసిపోతుంది. ఇప్పుడు అదే సంగతి రకీమ్ తరహాలో:

రాత్రి మేలుకున్నా, మాట ఏరుకున్నా, తెల్లారేలోపు ఊరు
చేరుకున్నా, పేరు మార్చుకున్నా, మారలేదు నా తీరు

ప్రాస లైన్ల మధ్యలోనే నాలుగు చోట్ల మోగింది. ‘ఊరు’ దగ్గర లైను అయిపోయినా వాక్యం అవలేదు, కిందికి దూకి ‘చేరుకున్నా’తో ముగిసింది. ‘ఊరు’, ‘పేరు’, ‘తీరు’ ఇంకో దారంలా నడిచాయి. బీటు మీద టంచనుగా దిగకుండా, దాని చుట్టూ తిరుగుతూ చెప్పే వీలు దీంతో వచ్చింది. రకీమ్ చిన్నప్పుడు శాక్సోఫోన్ వాయించేవాడు, జాన్ కోల్ట్రేన్ జాజ్ విని పెరిగాడు. ఆ వాయిద్యంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, స్వరాన్ని ఎంత దూరం లాగొచ్చో తెలిసినవాడు మాటలకీ అదే చేశాడు. పైగా అరవలేదు. అప్పటిదాకా ర్యాప్ అంటే కేకే. ఈయన పక్కన కూర్చుని చెప్తున్నట్టు నెమ్మదిగా చెప్పాడు. ‘పెయిడ్ ఇన్ ఫుల్’ వచ్చేనాటికి ఆయన వయసు 19.

అదే కాలంలో కేఆర్ఎస్ వన్, బిగ్ డాడీ కేన్, కూల్ జీ రాప్ లాంటి మహామహులున్నారు. బిగ్ డాడీ కేన్ వేగం నాకు మరీ ఇష్టం. అయినా నాస్ నుంచి ఎమినెమ్ దాకా అందరి వ్యాకరణం వెళ్లి తగిలేది రకీమ్‌కే. ఇంట్లో ఎవరికైనా ‘ర్యాప్ అంటే గబగబా మాట్లాడటమే కదా’ అనే అభిప్రాయం ఉంటే ఈయన పాట ఒకటి వేసి పెట్టండి. మా ఇంట్లో ఆ అభిప్రాయం 1994లో ‘ప్రేమికుడు’ సినిమా ర్యాప్ పాటతో ఏర్పడి చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది.

డ్రేనా, డిల్లానా?

ఇది మోత కుర్చీ, బీట్లు కట్టేవాళ్లది. రెండు రాత్రుల్లో ఒక రాత్రి దీనికే పోయింది.

డాక్టర్ డ్రే ఒక్కడి జీవితంలో నాలుగైదు మలుపులున్నాయి. 1988లో తనున్న ఎన్‌డబ్ల్యూఏ గ్రూపు ఆల్బమ్ ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’. పోలీసుల మీద అందులో ఉన్న పాట గురించి మరుసటేడు ఎఫ్‌బీఐ అధికారి ఒకరు రికార్డు కంపెనీకి ఉత్తరమే రాశారు. 1992 డిసెంబరులో సొంత ఆల్బమ్ ‘ది క్రానిక్’. అప్పటి న్యూయార్క్ బీటు పాత రికార్డు ముక్కల్ని గరుగ్గా అతికించినట్టు ఉండేది. డ్రే ఆ పాత ఫంక్ పాటల్ని తన స్టూడియోలో వాద్యకారులతో మళ్లీ వాయించి, నెమ్మదిగా దొర్లే బేసు మీద సన్నటి సింథసైజర్ కూత పెట్టాడు. కారు అద్దాలు దించుకుని వినే సంగీతం. దాంతో హిప్ హాప్ రాజధాని ఏళ్ల తరబడి లాస్ ఏంజెలెస్‌కి మారింది. స్నూప్ డాగ్‌ని, ఎమినెమ్‌ని, ఫిఫ్టీ సెంట్‌ని, కెండ్రిక్‌ని జనం ముందుకి తెచ్చిన చెయ్యీ ఇదే. 2014లో, తను స్థాపకుల్లో ఒకడైన బీట్స్ హెడ్‌ఫోన్ల కంపెనీని ఆపిల్ 300 కోట్ల డాలర్లకి కొన్నది. తన లేబుల్ నుంచి 2002లో వచ్చిన ఒక పాటలో లతా మంగేష్కర్ గొంతు నేరుగా వినిపిస్తుంది, పేరు వేయలేదని ఆ వ్యవహారం కోర్టుకెక్కింది. అప్పట్లో ఆ పాట టీవీలో వస్తే ‘ఇది మన పాట కదా’ అని మా అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది.

జే డిల్లా దగ్గర ఇలాంటి హంగేమీ లేదు. డెట్రాయిట్ కుర్రాడు, ఇంటి బేస్‌మెంట్‌లో పాత రికార్డు ముక్కల్ని పట్టి మళ్లీ వాయించే ఎంపీసీ అనే శాంప్లర్, పక్కన గుట్టలుగా రికార్డులు. ఆ మెషిన్‌లో ఒక సదుపాయం ఉంటుంది: మీరు కాస్త అటూ ఇటూగా కొట్టినా అది జరిపి టంచనుగా పెడుతుంది. చాలాచోట్ల డిల్లా దాన్ని పక్కనపెట్టి చేత్తోనే వాయించాడు. ఫలితం ఏమిటో టేబుల్ మీద మీరే చూడొచ్చు. కుడిచేత్తో సమంగా దరువు వేయండి, ఎడమచేత్తో రెండో దెబ్బని కొట్టాల్సిన చోటికి వెంట్రుకవాసి వెనకగా కొట్టండి. తప్పులా అనిపిస్తుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి తల దానంతట అదే ఊగుతుంది. రోడ్డు మీద కాస్త మత్తుగా, కానీ పడిపోకుండా నడిచే మనిషి నడక అది. ఆయన తర్వాత జాజ్ డ్రమ్మర్లు పనిగట్టుకుని ఆ ‘తప్పు’ని సాధన చేశారు. యంత్రాన్ని చూసి మనిషి నేర్చుకోవడం మామూలే, యంత్రం మీద మనిషి చేసిన తడబాటుని ఇంకో మనిషి నేర్చుకోవడం విచిత్రం. 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజున, ‘డోనట్స్’ ఆల్బమ్ విడుదలైంది. మూడు రోజులకి చనిపోయాడు. ఆ ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది.

నా మనసు డిల్లా వైపే. కానీ అయిదులో ఒకటే మోత కుర్చీ అంటే డ్రేకి ఇవ్వాలి. డిల్లాది వాయించేవాళ్ల మీద ప్రభావం, డ్రేది వాయించేవాళ్ల మీదా, వినేవాళ్ల మీదా, డబ్బు పెట్టేవాళ్ల మీదా. మీరు బీట్లు చేసేవాళ్లయితే ఈ లెక్క తిప్పేయండి, డిల్లాని ముందు పెట్టుకోండి, మీకు పనికొచ్చేది ఆయనే.

టుపాక్, బిగ్గీ

ఈ పోలిక ఎవరు మొదలుపెట్టినా రాత్రి రెండింటిదాకా తెగదు. టుపాక్ షకుర్ 1996 సెప్టెంబరు 13న, బిగ్గీ అని పిలిచే నటోరియస్ బీఐజీ 1997 మార్చి 9న చనిపోయారు. ఇద్దరూ తుపాకీ గుండ్లకే పోయారు, ఇద్దరికీ పాతికేళ్లు అటూ ఇటూ. వాళ్ల మధ్య పోటీ నడిచింది. మాటకి మాట సవాలు మనకేం కొత్త కాదు. తిరుపతి వేంకట కవులు మీసాల మీద పద్యం చెప్పి మరీ సవాలు చేశారు, కొప్పరపు కవులతో వాళ్ల తగువు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ పోయింది మహా అయితే మాట. ఇక్కడ ప్రాణాలు పోయాయి, దానివల్ల ఇద్దరి బేరీజూ కష్టమైంది. చనిపోయినవాళ్ల ఫొటో ఎప్పుడూ కాస్త పెద్దదే.

పని మాత్రమే చూస్తే, మాటని బీటు మీద కూర్చోబెట్టడంలో బిగ్గీది పైచెయ్యి. అంత పెద్ద గొంతుతో అంత తేలిగ్గా జారడం ఇంకెవరికీ రాలేదు. బతికుండగా వచ్చింది ఒక్క సొంత ఆల్బమే, రెండోది చనిపోయిన 16 రోజులకి వచ్చింది. టుపాక్‌ది మాటల పనితనం అంత నున్నగా ఉండదు. కానీ అమ్మ గురించి పాడిన ‘డియర్ మామా’, పేటలో గర్భవతైన చిన్నపిల్ల గురించి పాడిన పాట, కోపం, ఏడుపు, బడాయి అన్నీ ఒకే మనిషిలో ఉండొచ్చని చూపించింది అతనే. ఊళ్లో ఆటో వెనక అతని బొమ్మ చూశాను, బిగ్గీ బొమ్మ ఎప్పుడూ చూడలేదు. అందుకే ర్యాపర్లని అడిగితే బిగ్గీ, ప్రపంచాన్ని అడిగితే టుపాక్. మేం టుపాక్‌ని అయిదో కుర్చీ పోటీకి ఉంచాం.

నాస్, జే-జీ పోలిక కూడా ఇక్కడే ఉండాలి కానీ త్వరగా తేల్చేస్తాను. నాస్ 1994లో తెచ్చిన ‘ఇల్మాటిక్’, ఒక ఆల్బమ్ ఎలా ఉండాలో నేర్పింది, జే-జీ ర్యాపర్ వ్యాపారి ఎలా అవ్వాలో నేర్పాడు. ఇద్దరూ పదిమందిలో ఉండదగ్గవాళ్లు. రకీమ్, రన్ డీఎంసీ వేసిన దారిని వీళ్లు వెడల్పు చేశారు, అదే నా అభ్యంతరం. ముంబై ర్యాపర్ల కథతో తీసిన ‘గల్లీ బాయ్’ వెనక నాస్ పేరు కూడా ఉందని మా తమ్ముడికి చెప్తే వాడు నాస్‌కి ఓటేశాడు. అలా ఓట్లు పడకూడదు.

ఆడవాళ్ల కుర్చీ అని వేరేగా ఉండదు

చాలా లిస్టుల్లో చివర ఒక ఆడ పేరు దయతలిచి పెడతారు. మిస్సీ ఎలియట్‌కి ఆ దయ అక్కర్లేదు. లారిన్ హిల్‌తో పోల్చి చూద్దాం. 1998లో హిల్ ఒక్క సొంత ఆల్బమ్ చేసింది, 1999లో దానికి గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది, హిప్ హాప్‌కి అదే మొదటిది. పాట, ర్యాప్ రెండూ ఒకే గొంతులో సమానంగా నడవొచ్చని నిరూపించింది. తర్వాత స్టూడియో ఆల్బమ్ రాలేదు. ఒక్క ఆల్బమ్‌తో ఇంత నీడ పరిచినవాళ్లు అరుదు.

మిస్సీ వేరు. 1997 నుంచి టింబలాండ్ అనే నిర్మాతతో కలిసి చేసిన బీట్లలో ఖాళీలు ఎక్కువ, దెబ్బలు అనుకోని చోట పడతాయి. 2001లో ‘గెట్ యుర్ ఫ్రీక్ ఆన్’ మొదట్లో వినిపించే తీగ వాయిద్యం పంజాబీ తుంబి, దాని కింద తబలా. అమెరికా రేడియోలో ఆ చప్పుడు అదివరకు లేదు. తనే రాస్తుంది, తనే ప్రొడ్యూస్ చేస్తుంది, వేరేవాళ్లకీ పాటలు కట్టిస్తుంది, వీడియోలో చెత్త సంచీ లాంటి నల్లటి ఉబ్బు సూటు వేసుకుని నిలబడుతుంది. అందంగా కనపడాలన్న షరతుని పక్కకి నెట్టేసిన తీరు కూడా ప్రభావమే. 2023లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అడుగుపెట్టిన తొలి మహిళా ర్యాపర్. కాలిఫోర్నియాలో తెలుగింట్లో పుట్టి, బొట్టూ గాజులతో ర్యాప్ చేసే రాజ కుమారిని చూసినప్పుడు నాకు మిస్సీయే గుర్తొస్తుంది, పోలిక ఉందని కాదు, ‘నా ఇష్టమొచ్చినట్టు వస్తాను’ అనే ఆ నిలబడే తీరుకి.

దక్షిణం, ఆ తర్వాత

1995లో న్యూయార్క్‌లో ఒక అవార్డుల సభ. అట్లాంటా కుర్రాళ్లు అవుట్‌కాస్ట్‌కి కొత్త గ్రూపు అవార్డు వస్తే హాలు హేళన చేసింది. దక్షిణాది దగ్గర చెప్పడానికి ఏదో ఉంది అని ఆ గ్రూపులోని ఆండ్రే మైకులో ఒక్క ముక్క చెప్పి దిగిపోయాడు. ఇప్పుడు ఏ పాటలోనైనా గడగడలాడే హై హ్యాట్ తాళాలు, గుండెలో దిగే 808 అనే డ్రమ్ మెషిన్ బేసు వింటే అది దక్షిణాదే: అట్లాంటా, మెంఫిస్, హ్యూస్టన్. ఇక్కడి చిక్కు ఏమిటంటే ఇది ఒక్కరి పని కాదు. టీఐ, గూచీ మేన్, త్రీ సిక్స్ మాఫియా, మీగోస్ అందరూ తలా ఒక ఇటుక పెట్టారు. మిక్స్‌టేపులు, అంటే సొంతంగా చేసుకున్న పాటల సంకలనాలు, ఉచితంగా పంచి, 2008లో ఆల్బమ్ మొదటి వారంలోనే పది లక్షలు అమ్మిన లిల్ వేన్ ఉన్నాడు. ఒక్క పేరే అంటే అవుట్‌కాస్ట్, తలుపు తట్టింది వాళ్లు కాబట్టి.

ఇక గొడవంతా ఎవరి మీదో మీకు తెలుసు. కాన్యే వెస్ట్. 2007 సెప్టెంబరు 11న ఆయన ఆల్బమ్, ఫిఫ్టీ సెంట్ ఆల్బమ్ ఒకే రోజు వచ్చాయి. మొదటి వారం కాన్యే 9,57,000, ఫిఫ్టీ 6,91,000. గూండా బడాయి ర్యాప్ ఆ వారంతో ఒక మెట్టు దిగింది. మరుసటేడు అమ్మ పోయిన దుఃఖంలో ‘808స్ అండ్ హార్ట్‌బ్రేక్’ చేశాడు, దాదాపు అంతా ఆటోట్యూన్‌లో, అంటే గొంతుని శ్రుతి చేసే సాఫ్ట్‌వేర్‌లో, పాడుతూ. టీ-పెయిన్ అనే గాయకుడు ఆ పని ముందే చేస్తున్నాడు, నిజమే, కానీ దాంతో ఏడవొచ్చు అని చూపింది ఇదే. 2009లో డ్రేక్ మొదలైంది ఆ నేల మీదే. ఆ తర్వాత కాన్యే యూదుల మీద మాట్లాడిన మాటలు, 2022లో అడిడాస్ ఒప్పందం తెంచుకోవడం అందరికీ తెలిసినవే. నేను సమర్థించను. ప్రభావం మంచి నడవడి సర్టిఫికెట్ కాదు. ఫొటో గోడకి పెట్టడం ఇబ్బందైతే పెట్టకండి, కానీ ఆ ఇటుక అక్కడ లేదని మాత్రం చెప్పలేం.

కెండ్రిక్‌కి 2018లో సంగీతానికిచ్చే పులిట్జర్ వచ్చింది, శాస్త్రీయం, జాజ్ కానిదానికి మొదటిసారి. ఇప్పటివాళ్లలో నేను ఎక్కువ వినేది అతన్నే. కానీ అతని దగ్గర నేర్చుకున్నవాళ్లు పెద్దయి పాడేదాకా ఆగాలి. ఎమినెమ్ విషయం చెప్తే మా తమ్ముడు అలిగాడు. అతని పాటలోని ‘స్టాన్’ అనే పేరు పిచ్చి అభిమానికి మారుపేరై నిఘంటువులకెక్కింది, 2003లో ర్యాప్ పాటకి మొదటి ఆస్కార్ అతని వల్లే వచ్చింది, లెక్కలేనంతమందికి హిప్ హాప్‌కి దారి అతనే, నాకూ అతనే. అయినా అతన్ని తీసేస్తే శ్రోతలు తగ్గుతారు, ర్యాప్ కట్టే పద్ధతి మారదు.

చివరికి పోస్టర్ మీదికి హెర్క్, రన్ డీఎంసీ, రకీమ్, డ్రే వెళ్లారు. పదిమందికి చోటుంటే ఫ్లాష్, టుపాక్, మిస్సీ, అవుట్‌కాస్ట్, డిల్లా, కాన్యే. వినడం ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఈ వరసలో వినకండి, విసుగొస్తుంది. ముందు మిస్సీ, తర్వాత అవుట్‌కాస్ట్, తర్వాత డ్రే, అక్కణ్నించి వెనక్కి. హెర్క్‌ని వినలేరు కాబట్టి ఆయన సాగదీసిన జేమ్స్ బ్రౌన్ డ్రమ్ముల్ని వినండి.

అయిదో కుర్చీకి పరీక్ష ప్రకారం కాన్యే రావాలి. నేను మిస్సీ అన్నాను, వాడు టుపాక్ అన్నాడు. పోస్టర్ ప్రింట్‌కి వెళ్లేరోజు ఫోన్ చేస్తే ‘సరే అన్నయ్యా, నువ్వు చెప్పినట్టే’ అన్నాడు. ఫెస్ట్ ఫొటోలు వచ్చాక చూశాను. అయిదో చోట తల వంచుకుని గడ్డం నిమురుకుంటూ ఎమినెమ్.